ఆముదం నుంచి డాట్ 4 దాకా: ఎడమకాలి రిటైర్మెంటు కథ

ఏఎంటీ బండి కొన్నవాళ్ళలో చాలామంది "మా బండికి క్లచ్ లేదండీ" అంటుంటారు. పోయింది క్లచ్ కాదు, క్లచ్ పెడల్. ప్లేటు అక్కడే ఉంది, గేరు మారేటప్పుడు దాన్ని విడదీసే పనీ అలాగే ఉంది. ఆ పని మన ఎడమకాలి దగ్గర్నుంచి కొన్ని బండ్లలో ఓ కరెంటు మోటారుకీ, చాలా బండ్లలో ఓ పంపుకీ కాసింత నూనెకీ ట్రాన్స్‌ఫర్ అయ్యింది, అంతే. కంటికి కనపడని చోటికి ట్రాన్స్‌ఫర్ అయిన పనికి మెయింటెనెన్స్ ఎవరు చేస్తారో మన ఫీల్డు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదనుకుంటా :)

ముందు కాలి సంగతి చూద్దాం. 1932లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టింది. ఇప్పటి మన ఆర్టీసీకి మూలం అదే. ఆ బస్సులు స్కాట్లాండులో తయారైన ఆల్బియన్లు. గేర్లని రాపిడి లేకుండా కలిపే సింక్రోమెష్ 1928లోనే కాడిలాక్ కార్లలో వచ్చింది గానీ బస్సులూ లారీల దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అందాకా డ్రైవరు ఒక్క గేరుకి రెండుసార్లు క్లచ్ తొక్కాలి. తొక్కి న్యూట్రల్, వదిలి, మళ్ళీ తొక్కి గేరు. కోరుట్లలో బయల్దేరి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ పోయే దారిలో ప్రతి స్టేజీకీ, రోడ్డుకడ్డం వచ్చే ప్రతి గొర్లమందకీ ఈ తతంగమే. శివరాత్రి జాతరకి జనంతో కిక్కిరిసిన బస్సులో ఎన్నిసార్లు తొక్కాలో మీరే ఊహించుకోండి. కానీ ఆ కాలికి ఓ విద్య వచ్చేది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోంది, నిరుటికంటే ఎంత అరిగింది అన్నది ఏ మీటరూ లేకుండా చెప్పేది.

మోటర్‌హోమ్ అనగానే అదేదో అమెరికా వ్యవహారం అనుకుంటాం. మనకీ ఒకటుంది, అదీ అందరం ఎరిగినదే. 1982లో ఎన్టీఆర్ తిరిగిన చైతన్యరథం! పాత షెవర్లే వ్యానుని మార్చి చేయించుకున్నారు. పడక అందులోనే, స్నానం రోడ్డు పక్కన, ప్రసంగం దాని పైనుంచి. స్టీరింగు దగ్గర కొడుకు హరికృష్ణ. 1983 జనవరి 9న ప్రమాణస్వీకారంతో ముగిసిన ఆ యాత్రలో ఉపన్యాసాల గురించి పుస్తకాలొచ్చాయి. నెలల తరబడి ఊరూరా జనం మధ్యలోంచి నత్తనడకన బండి నడిపిన ఎడమకాలి గురించి ఎవరూ రాసినట్టు లేదు.

ఇక నూనె. మాల్కమ్ లాగ్‌హెడ్ అని ఒకాయన ద్రవం ఒత్తిడితో పనిచేసే బ్రేకుకి 1917లో పేటెంట్ తీసుకున్నాడు. లాక్‌హీడ్ విమానాల కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఒకడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకి ఆ బ్రేకులు పెట్టారు. తర్వాత అదే సూత్రం క్లచ్ కీ వచ్చింది. ఆ తొలినాటి బ్రేకు నూనె ఏమిటో తెలుసా? ఆల్కహాల్ కలిపిన ఆముదం! మన నల్లగొండ, పాలమూరు చెలకల్లో పండే ఆముదమే. రబ్బరు సీళ్ళని పాడు చెయ్యదు, జారుడు గుణం ఉంది. 1909లో పుట్టిన క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరులోంచి వచ్చిందే.

1955లో సిట్రోయెన్ డీఎస్ కారు క్లచ్ పెడల్ నే తీసేసింది. క్లచ్, గేర్లు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ ఒకే పంపు, ఒకే నూనె. మొదట ఆముదం జాతిది, తర్వాత కృత్రిమంగా చేసింది. ఆ కృత్రిమ నూనె గాల్లో తేమని పీల్చి లోపలి భాగాల్ని తుప్పు పట్టించింది. చివరికి 1966లో తేమ పీల్చని ఆకుపచ్చ మినరల్ ఆయిల్ కి మారారు. రబ్బరు సీళ్ళు కూడా మార్చాల్సొచ్చింది, ఎందుకంటే ఒకదాని సీళ్ళకి ఇంకోదాని నూనె పడదు.

ఇప్పటి డాట్ 3, డాట్ 4 నూనెలది కూడా ఆ తేమ గుణమే. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీళ్ళు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. కిలోమీటర్లతో సంబంధం లేదు, క్యాలెండరుతోనే లెక్క. ఏడాదిలో పది నెలలు షెడ్డులో పడుండే మోటర్‌హోమ్ కి అసలు ఇబ్బంది ఇక్కడే. "ఎక్కడ తిరిగిందండీ బండి" అంటూ నూనె మార్చరు.

క్లచ్ ని కంప్యూటరు చేతికివ్వడం రేసుల్లో పేరు తెచ్చుకుంది. 1989లో ఫెరారీ 640, మొదటి రేసే బ్రెజిల్ లో గెలిచింది. ఆ బాటలోనే మాగ్నెటి మారెల్లి వాళ్ళ సరుకు 2014లో మన సెలెరియోకి వచ్చింది. యూరప్ లో మనవాళ్ళు సెలవులకి అద్దెకి తీసుకునే మోటర్‌హోములు చాలావరకు ఫియట్ డుకాటో మీద కట్టినవే. 2019లో టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ వచ్చేదాకా వాటిలో 'ఆటోమేటిక్' అంటే ఈ ఏఎంటీనే.

ఇందులో గమ్మత్తేమిటంటే, క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో కంప్యూటరు తనే నేర్చుకుంటుంది, అరిగేకొద్దీ సర్దుకుపోతుంది. చక్కటి ఫీచరే. కానీ మూడుసార్లు రీట్రై చేసి, లాగ్ లో ఒక్క ముక్క కూడా రాయని సర్వీసు లాంటిది. డ్రైవరుకి ఏమీ తెలీదు. సర్దుకోవడానికి ఇంక చోటు లేనప్పుడు ఒకేసారి దీపం వెలిగి బండి న్యూట్రల్ లో నిలబడిపోతుంది.

మార్చడం కూడా పాత పద్ధతిలో కుదరదు. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు నట్టు వదులు చేసే పని కాదు, తొక్కడానికి పెడలే లేదుగా! అక్యుములేటర్ ఉన్న బండ్లలో ముందు అందులో ఒత్తిడి దించాలి. కంపెనీ చెప్పిన నూనే పొయ్యాలి. కొన్నిటికి డాట్ 4, మారెల్లి తరహా వాటికి వేరే హైడ్రాలిక్ ఆయిల్. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే సీళ్ళు పోతాయి, డీఎస్ నేర్పిన పాఠమే. గాలి తీసేటప్పుడు క్లచ్ ని కదిలించమని స్కానర్ తో కంప్యూటరుకి చెప్పాలి, ఆఖర్న పట్టుకునే చోటు మళ్ళీ నేర్పించాలి.

2024లో కరీంనగర్ కి ఎలక్ట్రిక్ బస్సులొచ్చాయి. వాటికి క్లచ్ నిజంగానే లేదు. సరే, వాటి గొడవ వదిలేద్దాం. 2014 నుంచి అమ్మిన ఏఎంటీ కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండులో కోరుట్ల, సిరిసిల్ల, రుద్రంగి లాంటి చోట్లకి చేరుతున్నాయి. వేపచెట్టు కింద షెడ్డు వేసుకున్న మెకానిక్కుకి చేతిలో పని ఉంది, చెవిలో ఇంజనుంది. లేనిదల్లా ఆ సాఫ్ట్‌వేరు. కాలి నుంచి లాక్కున్న విద్యని కంపెనీలు తాళం వేసిన పెట్టెలో పెట్టుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ తాళాలు తయారుచేసేది మనలాంటి ఇంజనీర్లమే కాబట్టి, ఇది మన పక్కనుంచీ ఆలోచించాల్సిన విషయం. నూనె పేరు మూత మీదా, మార్చే పద్ధతి మెకానిక్కుకి అర్థమయ్యే తెలుగులోనూ ఇవ్వడానికి పెద్ద ఖర్చేం కాదు.

అందాకా మీరు చెయ్యగలిగింది చిన్న పని. బానెట్ ఎత్తి, మీ బండికి ఏ నూనో మాన్యువల్ లో చూసి, మార్చిన తేదీ ఓ స్టిక్కరు మీద రాసి అంటించండి. డాట్ 4 అయితే మామూలుగా రెండేళ్ళు. బండి తిరిగినా, తిరక్కపోయినా.