లక్కబొమ్మ, రేకుబొమ్మ

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఆలూరు, ఆదోని పల్లెలవారు బండ్లు కట్టుకొని పోయే రోజులు వెళ్లిపోయి బస్సుల్లో పోయే రోజులు వచ్చినవి. పిల్లలు మొదట నిలబడే చోటు మాత్రం మారలేదు. అది బొమ్మల అంగడి. బ్యాటరీ వేస్తే కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి, కండ్లలో ఎర్రదీపం వెలిగించే మరమనిషి బొమ్మ అక్కడ కనిపించకపోదు. దాని పక్కనే తరిణె పట్టిన కొయ్య బొంగరమో, గిలక్కాయో ఉండవచ్చు. మొదటి బొమ్మ పెరిగి పేరు తెచ్చుకొన్నది జపానులో. రెండవదానికి మన దేశంలో పుట్టిళ్లు అనేకం; ఆంధ్రదేశంలో పేరెన్నిక గన్నది ఏటికొప్పాక. ఈ రెండింటి వెనుక రెండు వ్యాపారాల చరిత్ర ఉన్నది. ప్లాస్టిక్కు వచ్చినప్పుడు రెండూ కష్టంలో పడినవి. బయటపడిన దారులు వేరు.

ముందు మరమనిషి సంగతి చూద్దాం. 1945లో యుద్ధం ముగిసేనాటికి జపానులో లోహానికి కరువు. అమెరికా సైనికులు తిని పారవేసిన రేకు డబ్బాలను ఏరి, సాపుచేసి, వాటితోనే అక్కడివారు బొమ్మలు చేయడం మొదలుపెట్టినారు. తరువాత మంచి రేకు దొరికింది. చదునైన రేకుపై ముందే రంగుల బొమ్మ అచ్చువేసి, ఆ మీదట దానిని అచ్చుల్లో వంచి, చిన్న చిన్న నాలుకలతో ఒక ముక్కను మరొక ముక్కకు తగిలించడం వారి పద్ధతి. లోపల ఒక స్ప్రింగో, చిన్న మోటారో, కొన్ని పండ్లచక్రాలు. ఆ ఒక్క మోటారే కాళ్లు కదిపేది, తల తిప్పేది, రొమ్ము తలుపులు తెరచి తుపాకులు చూపించేది. మసుదయ, నొమురా, యొనెజావా, హొరికావా అనేవి ఈ బొమ్మలకు పేరుపొందిన సంస్థలు. 1956లో 'ఫర్బిడెన్ ప్లానెట్' అనే అమెరికా సినిమాలో ఒక మరమనిషి కనిపించగానే, అటువంటి బొమ్మనే నొమురావారు అంగట్లోకి తెచ్చినారు.

ఈ బొమ్మలలో అధికభాగం పోయింది అమెరికాకే. వ్యాపారంలోని బలమూ, బలహీనతా రెండూ అక్కడే ఉన్నవి. 1949 నుండి ఒక డాలరుకు 360 యెన్‌లని రేటు నిలిచి ఉండడంవల్ల జపాను సరకు అమెరికాలో చవకగా దొరికేది. 1971 చివర అది 308 యెన్‌లయినది. 1973 నుండి స్థిరమైన రేటే లేకుండా పోయినది. యెన్ విలువ పెరిగిన కొద్దీ బొమ్మ ధర పెరిగింది. మరొకవైపు ప్లాస్టిక్కు బొమ్మలు వచ్చిపడినవి. రేకు అంచులు పిల్లల వేళ్లు కోస్తాయనీ, రంగులో సీసం ఉన్నదనీ అమెరికా చట్టాలు కట్టుదిట్టం కాసాగినవి. 1978లో ఆ దేశం పిల్లల వస్తువులమీది రంగులో సీసం నూటికి 0.06 పాళ్లు మించరాదని నిషేధం పెట్టింది.

రేకు మరమనిషి అట్లా వెనుకబడగా, జపానువారు తమ పిల్లలవైపు తిరిగినారు. 1972లో టెలివిజన్‌లో 'మజింగర్ జడ్' అనే మహాకాయుడి కథ నడిచింది. 1974లో పోపీ అనే సంస్థ ఆ కథానాయకుడిని జింకు మిశ్రలోహంతో పోతపోసి అమ్మింది. చేతిలో బరువుగా ఉండే ఆ బొమ్మకు గిరాకీ విపరీతం. కాని ఇక్కడినుండి బొమ్మల వ్యాపారి భాగ్యం టెలివిజన్ కథకు ముడిపడిపోయినది. 1979లో 'గుండం' అనే కథను పోషించిన క్లోవర్ సంస్థ చిన్నపిల్లల కోసం బొమ్మలు చేసింది; చూసేవారు మాత్రం వయసువచ్చిన కుర్రవాండ్లు. బొమ్మలు అనుకొన్నంతగా అమ్ముడుపోక కథ ముందుగానే ముగించవలసివచ్చింది. ఆ కుర్రవాండ్ల ఇష్టాన్ని కనిపెట్టిన బందాయి సంస్థ 1980లో స్వయంగా అతికించుకొనే ప్లాస్టిక్కు నమూనాలను 300 యెన్‌లకు అమ్మి లాభాలు గడించింది. క్లోవర్ 1983లో దివాలా తీసింది. ఒకే కథ ఒకరిని ముంచి మరొకరిని తేల్చడం చిత్రమే. 1999లో సోనీవారు 'ఐబో' అనే మరకుక్కను 2,50,000 యెన్‌లకు అమ్మకానికి పెడితే, జపానుకు కేటాయించిన 3,000 కుక్కలూ 20 నిమిషాలలో చెల్లిపోయినవి. అయినా 2006లో దాని తయారీ ఆపివేసినారు. మరల కొత్త కుక్క వచ్చింది 2018లోనే.

జపాను కంపెనీలు ఇట్లా ఒక పదార్థం నష్టం తెస్తే మరొకదానికి మారిపోయినవి: రేకు, ప్లాస్టిక్కు, జింకు, చివరకు విద్యుత్పరికరాలు. డబ్బున్న కంపెనీకి ఇది సాధ్యం. ఇంటి అరుగుమీద తరిణె పెట్టుకొన్న చేతిపనివాడు ఎట్లు మారగలడు? ఏటికొప్పాక కథ ఇక్కడే మొదలవుతుంది.

ఏటికొప్పాక వరాహనది ఒడ్డున ఉన్న ఊరు. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇక్కడివారు వాడే కొయ్య అంకుడు కర్ర. వృక్షశాస్త్రంలో దీని పేరు రైటియా టింక్టోరియా. తెల్లగా, మెత్తగా ఉండి ఉలికి చక్కగా లొంగుతుంది. కొయ్యముక్కను తరిణెకు బిగించి తిప్పుతూ రూపు తీస్తారు. పిమ్మట రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుతున్న కొయ్యకు ఆనించి పట్టుకొంటారు. లక్క సుమారు 75 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. రాపిడివల్ల పుట్టిన వేడి అందుకు చాలును. కరిగిన లక్క కొయ్యపై పలుచని పొరగా పరుచుకొంటుంది. మొగలి ఆకుతో ఒత్తిపడితే అద్దంవలె మెరుస్తుంది. కుంచె లేదు, ఆరబెట్టడం లేదు. రాపిడి ఉష్ణాన్ని గూర్చి తరగతిలో చెప్పే పాఠానికి ఇంతకన్న మంచి ప్రయోగం దొరకదు.

లక్క అన్నది మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై బ్రతికే చిన్న పురుగు తన చుట్టూ స్రవించే జిగురు. అది నోటిలోకి పోయినా హాని లేదు. దానికి కలిపే రంగు మాటేమిటి? వెనుకటి రోజుల్లో చెట్టుచేమల రంగులే ఉండేవి. ఇరవయ్యవ శతాబ్దంలో అంగడిలో పొట్లాలు కట్టి అమ్మే రసాయన రంగులు వచ్చినవి. చవక, తళుకు ఎక్కువ, కలపడం సులభం. లక్కపిడతలకు, భరిణెలకు, బొంగరాలకు అవే పట్టుబడినవి. వాటిలో కొన్నింటిలో సీసం, క్రోమియం వంటి లోహాలుండేవి. ఆడపిల్లలు వంటాట ఆడుకొనే లక్కపిడతను పసిబిడ్డ నోట పెట్టుకొనడం ఎరుగనివారు ఎవరు? పెద్దవారి కడుపులోకి పోయిన సీసంలో పదింట ఒక వంతు రక్తంలో కలిస్తే, పసివారిలో దాదాపు సగం కలిసిపోవచ్చు. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పై లక్షణాలేవీ కనిపించకుండానే ఈ హాని జరిగిపోవడం మరింత విచారకరం.

ఈలోగా ప్లాస్టిక్కు పిడతలు లక్కపిడతల ధరలో కొంత భాగానికే రాసాగినవి. తరిణె వదలి వేరే పని వెదకుకొన్న కుటుంబాలు ఎన్నో. పరదేశపు కొనుగోలుదారులు చేతిపనిని మెచ్చుకొనేవారే, కాని సీసమున్న రంగును వారి చట్టం ఒప్పదు. అమెరికా ఈ హద్దును 2009లో పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు తగ్గించింది.

ఆ ఊరివాడే అయిన సి. వి. రాజు 1990 ప్రాంతాల చెట్టు రంగులవైపు మరల తిరిగినారు. పసుపు, జాఫరా గింజ, నీలి, కరక్కాయ మొదలగునవి మన పెద్దలకు కొత్తవి కావు. చిక్కంతా లక్కతో వచ్చింది. నూలు నీళ్లలో తీసిన రంగును పీల్చుకొంటుంది. లక్క జిగురు నీటితో పొత్తు కలవదు. రంగు పట్టడం వేరు, రంగు నిలవడం వేరని ఎమ్మిగనూరు నేతగాండ్రకు ఒకరు చెప్పనక్కరలేదు. లక్క విషయంలో రంగును నీటినుండి విడదీసి, ఆరబెట్టి, మెత్తని పొడిచేసి, వేడి లక్కలో సమంగా కలిసేవరకు పిసికి సాగదీయాలి. కరగించే వేడికి మాడిపోయే రంగు పనికిరాదు. ఎండకు వెలిసిపోయేదీ పనికిరాదు. ఏండ్లకొలది పరీక్షలు చేయగా ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ మొదలగు ఛాయలు కుదిరినవి. పనివారిని సహకార పద్ధతిపై చేర్చి, వారికి ఈ రంగులు నేర్పించినారు. బొమ్మల రూపాలు కూడ పెరిగినవి. రసాయన రంగుల తళుకు వీటికి లేదనేవారూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. పసిబిడ్డ నోటికి భయం లేని రంగుకు ఆ మాత్రం వెలితి లెక్కలోనిది కాదు.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాగితం ఎందుకు ఉపయోగపడునని అప్పుడు అనుకొన్నవారికి 2020లో జవాబు దొరికింది. ఆ యేడు కేంద్ర ప్రభుత్వం బొమ్మలన్నింటికీ నాణ్యతా పరీక్ష, ముద్ర తప్పనిసరి చేస్తూ ఉత్తరువు తెచ్చి, 2021 జనవరి 1 నుండి అమలుపరచింది. ఉద్దేశం మంచిదే. కాని నూరు రకాల బొమ్మలు తలా పదేసి చేసే తరిణెపనివాడు ప్రతి రకాన్నీ పరీక్షశాలకు పంపి రుసుము కట్టుకొనగలడా? ప్లాస్టిక్కును అరికట్టవలసిన చట్టమే లక్కబొమ్మను కూల్చివేసి ఉండేది. 2020 డిసెంబరులో ఉత్తరువును సవరించి, నమోదైన చేతిపనివారికి, భౌగోళిక గుర్తింపు గల వస్తువులకు మినహాయింపు ఇచ్చినారు. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా సాగినవి ఈ బొమ్మలే.

ఇప్పుడు తరిణె ముందున్న చిక్కు రంగుది కాదు, కర్రది. లక్కను దూరప్రాంతాలనుండి తెప్పించుకొనవచ్చు. అంకుడు కర్రకు మాత్రం చుట్టుపట్ల కొండలే దిక్కు. అది పెద్ద మాను కాదు. బొమ్మకు సరిపోయే లావు ఎక్కడానికి ఏండ్లు పడుతుంది. నరికినంత వేగంగా నాటడం జరగలేదు. నరికిన మోటునుండి మరల చిగిర్చే గుణం ఈ చెట్టుకున్నది గనుక, పొలంగట్లమీద, బీళ్లలో వరుసగా పెంచి, వంతులవారీగా కొమ్మలు కొట్టుకొంటే కొండకు పోయే పని తగ్గుతుంది.