తలంటు నీళ్ల చరిత్ర



బళ్లారి నుంచి హోసపేటకు పోయే దారిలో ఉంది మా కుడతిని. ఈ పేరు వినగానే నేడు చాలామందికి గుర్తొచ్చేది థర్మల్ విద్యుత్ కేంద్రం. చరిత్ర చదివినవారికి మాత్రం ముందుగా గుర్తొచ్చేది బూడిదదిబ్బ. రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని పెద్దలు చెప్పుకునే ఇలాంటి దిబ్బలు బళ్లారి చుట్టుపక్కల చాలా ఉన్నాయి. కొత్త రాతియుగపు పశుపాలకులు తమ దొడ్లలో పేరుకున్న పేడను కాల్చగా మిగిలిన బూడిద ఇది అని ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు 1963లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించాడు.

ఒంటికీ జుట్టుకూ మనవాళ్లు వాడిన మొక్కల గురించి చెప్పవలసినవాడు బూడిద దగ్గర మొదలుపెట్టాడేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. బళ్లారి పక్కనే ఉన్న సంగనకల్లు వంటి చోట్ల తవ్వకాల్లో మాడిన గింజలు దొరికాయి. అందులో ఉలవలూ పెసలూ ఉన్నాయి. అంటే మన ఇళ్లలో పసిబిడ్డకు నలుగు పెట్టే పెసరపిండి తాలూకు పంట ఈ నేలలో సుమారు నాలుగు వేల ఏళ్లుగా ఉన్నదన్నమాట. గింజ దొరికితే పంట తెలుస్తుంది, స్నానం తెలియదు. స్నానం సంగతి తెలియాలంటే రాసిపెట్టినవాడు ఉండాలి.

అలా రాసిపెట్టినవారిలో ఒకరు మన ప్రాంతాన్ని ఏలిన రాజే. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు సుమారు 1129లో ‘మానసోల్లాస’ అనే సంస్కృత గ్రంథం రచించాడు. రాజభోగాలను వర్ణిస్తూ అందులో స్నానానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. మరో నాలుగు వందల ఏళ్లకు, 1520 ప్రాంతంలో, పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ విజయనగరం చూశాడు. శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒళ్లంతా పట్టించుకుని, చెమటతో ఆ నూనె కారిపోయేదాకా సాము చేసేవాడని అతడు రాశాడు. కుడతిని దారినే ముందుకు పోతే వచ్చే హంపీలో జరిగిన ముచ్చట ఇది.

రాజు స్నానానికి రాసేవాడు దొరికాడు. మరి మన అవ్వల సంగతి?

వారి పుస్తకం పెరడు, చేనిగట్టు, వారపు సంత. ఉగాదికీ దీపావళికీ తలంటు తప్పదు. దీపావళి ముందు ఇక్కడ కన్నడిగుల ఇళ్లలో ‘నీరు తుంబువ హబ్బ’ అని నీళ్లకే ఒక పండుగ చేస్తారు. బాన కడిగి, పూజించి, నీళ్లు నింపి, మర్నాడు తెల్లవారుజామున తలంటి పోసుకుంటారు. ఆ తలంటులో కుంకుడుకాయో సీకాయో ఉండవలసిందే. ఒకే సంతలో ఒకరు కుంకుడుకాయ అంటే మరొకరు అంటువాళ అంటారు. మన సీకాయ వారికి సీగెకాయి, మన పసుపు వారికి అరిశిన, మన గుంటగలగర వారికి గరుగ. భాష మారినా బుట్ట ఒక్కటే.

ఈ వాడుకల వెనుక కారణాలున్నాయి. కుంకుడు, సీకాయలలో సాపోనిన్లు అనే పదార్థాలుంటాయి. నీటిలో నురగ తెచ్చి జిడ్డును విడదీసేవి అవే. కంట్లో పడితే మండేదీ వాటివల్లనే. గోరింటాకులోని రంగు పదార్థం చర్మంలోనూ వెంట్రుకలోనూ ఉన్న మాంసకృత్తుకు అంటుకుంటుంది కనుకనే గోరు పెరిగేదాకా ఆ ఎరుపు పోదు. మెట్ట నేలల్లో ఎవరూ నాటకుండానే పెరిగే తంగేడు ఉంది కదా, దాని పూలను ఎండబెట్టి నలుగుపిండిలో కలుపుతారు. దాని బెరడుతో తోళ్లు పదును చేసేవారు. 2014 తర్వాత అదే పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది.

పాతదంతా మంచిదేనని మాత్రం నేను చెప్పబోవడం లేదు. గోరింట పేరుతో సంతలో అమ్మే నల్లరంగులో రసాయనపు రంగు కలుపుతారు, దానివల్ల చర్మం బొబ్బలెక్కవచ్చు. ఆకు ఏనాడూ నల్లగా పండదు, ఈ ఒక్క గుర్తు చాలు. అలాగే తామర, గజ్జి వంటివాటికి పసుపు పూసి ఊరుకోకుండా వైద్యునికి చూపించాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు దక్కింది. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ దాన్ని సవాలు చేసింది. ఇది మాకు ఎప్పటినుంచో తెలుసు అంటే సరిపోలేదు. సంస్కృతం, ఉర్దూ, హిందీ వంటి భాషల పాత గ్రంథాలను, వ్యాసాలను ముందు పెడితేగాని 1997లో ఆ పేటెంటు రద్దు కాలేదు. వేప మీద యూరపులో ఇచ్చిన పేటెంటు విషయంలో చివరి తీర్పు రావడానికి 2005 దాకా పట్టింది. ఇటువంటి దావాలకు అడ్డుగా మన ప్రభుత్వం 2001లో సంప్రదాయ విజ్ఞాన భాండాగారం మొదలుపెట్టింది. అందులోకి ఎక్కింది ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల జ్ఞానం. అవ్వ నోటి మాటకు గ్రంథం లేదు. రాయనిదానికి సాక్ష్యం లేదు.

దీనికి దారి లేకపోలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా ఒక సమితి వేసి, ఊరి మొక్కలనూ వాటి వాడుకలనూ ఒక దస్తరంలో నమోదు చేయాలి. ఆ దస్తరం నిండాలంటే చెప్పేవారు కావాలి, రాసేవారు కావాలి. చెప్పేవారు నానాటికీ తగ్గిపోతున్నారు.

అందుకని మిమ్మల్ని కోరేది ఇంతే. బడికి వెళ్లే పిల్లవాని చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి అవ్వ దగ్గర కూర్చోబెట్టండి. మొక్క పేరు తెలుగులో ఒక గడి, కన్నడంలో ఒక గడి. ఆకా, కాయా, బెరడా అన్నది మరొక గడి. ఎలా నూరాలి, ఎంతసేపు ఉంచాలి, ఎవరికి పడదు అన్నవి కూడా రాయించండి. ఒక రెమ్మ ఎండబెట్టి పక్కన అంటించండి. ఎందుకంటే గోరింట అన్నా ముళ్లగోరింట అన్నా పేరులో తేడా ఒక్క మాటే గాని, మొక్కలు రెండూ వేరు. పేరొక్కటే రాస్తే రేపు చదివేవాడు పొరబడతాడు.

బూడిదదిబ్బ నాలుగు వేల ఏళ్లు నిలిచింది. మాట అంతకాలం నిలవదు, దాన్ని కాగితం మీద నిలపాలి. ఆ పని ఈ ఆదివారమే మొదలుపెట్టండి.