జాజి

తమిళనాడులో ఒట్టపిడారం వైపు తెలుగిళ్లవాళ్ల చెవిన ఈ పువ్వుకు రెండు పేర్లు పడతాయి: మన జాజి, తమిళ పూలబజారు జాదిమల్లి. రెండింటికీ మూలం సంస్కృత ‘జాతి’. దానికి కులం అర్థం అంటగట్టొద్దు. ఇక్కడ అది పూతీగ పేరే. జాజికాయ (జాతీఫలం), జాపత్రి (జాతీపత్రి) కూడా ఆ మాటనే మోస్తున్నాయి గానీ వాటి చెట్టు వేరు.

పువ్వుది పరిమళం. నూనెగింజల మధ్య పూలు పరిచి, వాసన పట్టించి ఆడిస్తే తలనూనె. హిందీవాళ్ల చమేలీ తేల్ అదే. మందు మాత్రం ఎక్కువగా ఆకులో ఉంది. నోటిపూతకు జాజాకు నమలమనేవారు పాతకాలపు వైద్యులు. పుండ్లకు రాసే జాత్యాది తైలానికి పేరొచ్చిందీ ఈ ఆకు వల్లే. వేపాకు దానికి తోడు. ఆ తైలం పైపూత మందు, తలనూనె అనుకుని కొనకండి.