ఒకే ఓడ, రెండు పేర్లు: హెల్గా కథను తరగతిలో ఎలా చెప్పాలి?

డబ్లిన్‌లో లిఫీ నది ఒడ్డున ఉన్న లిబర్టీ హాల్‌ను మన పిల్లలు చాలామంది చూసే ఉంటారు. బడిలో 1916 ఈస్టర్ తిరుగుబాటు పాఠం విన్న వారం, మా తరగతిలో ఒక పాప అడిగింది: "టీచర్, హెల్గా చెడ్డ ఓడా?" అవునని చెప్పబోయి ఆగిపోయాను. మీ తరగతిలోనూ ఎవరైనా అడగొచ్చు. అందుకే ఆ ఓడ కథ మొదటి నుంచీ తెలుసుకుందాం.

హెల్గాను 1908లో డబ్లిన్‌లోనే కట్టారు. అప్పుడది యుద్ధనౌక కాదు. చేపల వేటను కాపలా కాయడం, సముద్ర జీవులను పరిశోధించడం దాని పని. 1909-11 మధ్య పడమటి తీరంలోని క్లేర్ దీవిలో శాస్త్రవేత్తలు జీవజాలాన్ని సర్వే చేసినప్పుడు ఈ ఓడ కూడా సాయపడింది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే, 1915లో బ్రిటిష్ నౌకాదళం దాన్ని తీసుకుని ఫిరంగులు బిగించింది. చేపల ఓడ అలా గన్‌బోటు అయింది.

1916 ఏప్రిల్ 26, బుధవారం. లిఫీ నదిలోకి వచ్చిన హెల్గా, ఒడ్డున ఉన్న ఫిరంగులతో పాటు లిబర్టీ హాల్ మీద గుండ్లు పేల్చింది. కార్మిక సంఘం కార్యాలయమైన ఆ భవనంలోనే స్వాతంత్ర్య ప్రకటన అచ్చయింది. అయితే తిరుగుబాటుదారులు అప్పటికే దాన్ని ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఓడకూ భవనానికీ మధ్య రైలు వంతెన కూడా అడ్డం. ఓకానెల్ వీధిని హెల్గాయే నేలమట్టం చేసిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడి విధ్వంసం ఎక్కువగా నేల మీది ఫిరంగుల వల్ల, మంటల వల్ల జరిగింది. పిల్లలు ఆ మాట అంటే మెల్లగా సరిదిద్దండి.

తర్వాత 1921 డిసెంబరులో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది. దాన్ని ఒప్పుకున్నవాళ్లకూ, కాదన్నవాళ్లకూ మధ్య 1922 జూన్‌లో అంతర్యుద్ధం మొదలై 1923 మేలో ముగిసింది. ఆ 1923లోనే హెల్గా కొత్త ఐరిష్ ప్రభుత్వం చేతికి వచ్చింది. 'మ్విర్‌ఖూ' అని పేరు మార్చారు, ఐరిష్‌లో సముద్రపు వేటకుక్క అని అర్థం. కొత్త తీర రక్షణ దళం ఏడాదికే, 1924లో, రద్దయింది. మ్విర్‌ఖూ మాత్రం పాత పనికే, చేపల వేట కాపలాకు, తిరిగి వెళ్లింది.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఐర్లండ్ తటస్థంగా ఉంది. దాని కొత్త సముద్ర దళంలోని తొలి ఓడల్లో ఇదొకటి. అప్పటి ప్రభుత్వాధినేత ఈమన్ డి వలేరా. 1916లో తిరుగుబాటుదారుల పక్షాన పోరాడినవారాయన. అప్పుడు వాళ్ల మీద గుండ్లు పేల్చిన ఓడే ఇప్పుడు ఆయన ప్రభుత్వం కింద తీరానికి కాపలా కాసింది! 1947లో దాన్ని పాత ఇనుముకు అమ్మేశారు. డబ్లిన్‌కు తెస్తుండగా మే 8న వెక్స్‌ఫర్డ్ తీరం దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్లంతా బతికి బయటపడ్డారు.

తరగతిలో ఈ పని చేయించండి. బోర్డు మీద 1908, 1915, 1916, 1923, 1939, 1947 రాయండి. ఒక్కో సంవత్సరానికి పిల్లలతో ఒక తెలుగు వాక్యం చెప్పించండి. "హెల్గా కాల్చింది" అంటే, "కాల్చమన్నది ఎవరు?" అని అడగండి. అప్పుడు "బ్రిటిష్ సైనికులు హెల్గా మీంచి కాల్చారు" అని వాళ్లే దిద్దుకుంటారు. కర్త ఎవరో వెతకడం వ్యాకరణమూ అవుతుంది, చరిత్రా అవుతుంది.

పెద్ద పిల్లలకు ఇంకో ప్రశ్న వేయొచ్చు. 1857ను మనం కొన్ని పుస్తకాల్లో సిపాయిల తిరుగుబాటు అనీ, కొన్నింట్లో ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అనీ చదివాం కదా. 1916కు వాళ్లు ఏ మాట వాడతారు, ఎందుకు? ఒకే జవాబు రావాలని పట్టుబట్టకండి. మా పాప మాత్రం చివరికి ఇలా రాసింది: "ఓడ చెడ్డది కాదు. దాన్ని నడిపేవాళ్లు మారారు."