లేబ్‌కూఖెన్: పేరు పుట్టుక

లేబ్‌కూఖెన్ అనేది జర్మనీలో క్రిస్మస్ రోజుల్లో విరివిగా తినే తేనె కేకు. పిండిలో దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, ధనియాలు, జాజికాయ వంటి దినుసులు కలుపుతారు. ఈ పేరు రెండు మాటల సమాసం. 'కూఖెన్' అంటే కేకు. దానిమీద పేచీ లేదు. 'లేబ్' మీదే ఉంది వివాదమంతా.

'లేబెన్' అంటే జీవితం కనుక ఇది 'ప్రాణమిచ్చే కేకు' అని చెప్పేవారున్నారు. వినసొంపుగా ఉన్నా, అది ధ్వని పోలికతో జనం అల్లుకున్న వ్యుత్పత్తి మాత్రమే. పండితులు ప్రధానంగా చూపేవి రెండు దారులు. మొదటిది లాటిన్ 'లీబుమ్'. రోమన్లు దేవతలకు నైవేద్యంగా పెట్టిన రొట్టె ఇది. క్రీ.పూ. రెండో శతాబ్దపు కేటో తన వ్యవసాయ గ్రంథంలో దీని తయారీ రాశాడు: రెండు పౌన్ల జున్ను నూరి, ఒక పౌను పిండి, ఒక గుడ్డు కలిపి, ఆకుల మీద పెట్టి నిదానంగా కాల్చాలి. అందులో తేనె ప్రస్తావనే లేదు. రెండోది 'లైబ్', అంటే కోయని నిండు రొట్టె. ఇంగ్లీషు 'లోఫ్' దీనికి తోబుట్టువే. రష్యన్ 'ఖ్లెబ్' కూడా జర్మానిక్ భాషల నుంచి వెళ్లిందే. ఒకే ధాతువులో అచ్చు మారి కొత్త మాట పుట్టడం ఈ భాషల్లో మామూలు. అందువల్ల ఈ రెండో వాదమే బలంగా కనిపిస్తుంది.

ఇదే కేకుకు తూర్పు జర్మనీలో 'ఫెఫర్‌కూఖెన్', అంటే మిరియాల కేకు, అని పేరు. అందులో మిరియాలు ఉండాలన్న నియమం లేదు. మధ్యయుగంలో దూరదేశాల నుంచి వచ్చే ఘాటు దినుసులన్నిటినీ కలిపి మిరియాలనే పిలిచేవారు.

దీనికి పేరుమోసిన ఊరు న్యూరెంబర్గ్. చుట్టూ ఉన్న అడవుల్లో తేనె దొరికేది. వర్తక మార్గాల కూడలి కనుక దినుసులూ చేరేవి. అక్కడి పత్రాల్లో 1395 నాటికే లేబ్‌కూఖెన్ చేసే వృత్తిదారు ప్రస్తావన ఉంది. 1643లో వారికి సొంత వృత్తి సంఘం ఏర్పడింది. మెత్తని పిండి అంటుకోకుండా చర్చిలో పంచే అప్పం లాంటి పలుచని బిళ్లల మీద పెట్టి కాల్చే పద్ధతి ఇప్పటికీ ఉంది. వీటిలో మేలురకం 'ఎలీసెన్'. అందులో గింజపప్పులు కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతం మించకూడదు.

'న్యూరెంబర్గ్ లేబ్‌కూఖెన్' అన్న పేరుకు 1996 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది. ఆ నగరంలో తయారైనవాటికే ఆ పేరు వాడాలి.