న్యూవార్క్ ఈగిల్స్ యజమానురాలు ఎఫా మ్యాన్లీ

న్యూజెర్సీ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి న్యూవార్క్ అనగానే గుర్తొచ్చేది విమానాశ్రయం. రెండు పెట్టెలతో అక్కడ దిగిన రోజూ, అమ్మానాన్నల్ని తీసుకురావడానికి వెళ్ళిన రోజులూ. ఆ ఊళ్ళో ఒకప్పుడు ఒక గొప్ప బేస్‌బాల్ జట్టు ఉండేదనీ, దాని వ్యవహారాలన్నీ ఒక స్త్రీ చూసుకునేదనీ మనలో చాలామందికి తెలియదు. ఆవిడ పేరు ఎఫా మ్యాన్లీ. కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం దక్కిన ఏకైక మహిళ ఆవిడే.

ఎఫా పుట్టింది ఫిలడెల్ఫియాలో, 1897లో. తల్లి తెల్లజాతి స్త్రీ, కుట్టుపని చేసేది. పెంచిన తండ్రి నల్లజాతివాడు. తన కన్నతండ్రి కూడా తెల్లవాడేనని తల్లి చెప్పినట్టు ఎఫా తర్వాత చెప్పుకుంది. కావాలనుకుంటే తెల్లవాళ్ళలో కలిసిపోయి హాయిగా బతకగలిగేదే. కాని తను పెరిగిన నల్లవారి మధ్యే, వాళ్ళలో ఒకతెగానే ఉండిపోయింది.

1934లో న్యూయార్క్ హార్లెంలో బ్లమ్‌స్టీన్స్ అనే పెద్ద దుకాణం ఉండేది. కొనేవాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. కౌంటర్ వెనక అమ్మే ఉద్యోగం మాత్రం వాళ్ళకి ఇచ్చేవారు కాదు. ఎఫా మరికొందరితో కలిసి ఆ దుకాణాన్ని బహిష్కరించే ఉద్యమంలోకి దిగింది. విదేశీ బట్టల కొట్ల ముందు మన తాతల తరం చేసిన పికెటింగు లాంటిదే ఇదీ. కొన్ని వారాలకి యాజమాన్యం దిగొచ్చి నల్ల యువతులకి ఉద్యోగాలిచ్చింది.

ఎఫా భర్త ఏబ్ మ్యాన్లీ. ఇద్దరూ మొదట కలుసుకున్నది 1932 వరల్డ్ సిరీస్ ఆటల దగ్గరే. ఏబ్ డబ్బు సంపాదించింది మన మట్కా లాంటి నంబర్ల జూదంలో. ఆ రోజుల్లో మేజర్ లీగుల్లో నల్లవాళ్ళని ఆడనిచ్చేవారు కాదు. అందుకే వాళ్ళు నీగ్రో లీగులు పెట్టుకున్నారు. దంపతులిద్దరూ 1935లో బ్రూక్లిన్ ఈగిల్స్ జట్టు పెట్టి, మరుసటి ఏడాది న్యూవార్క్‌కి మార్చారు. ఆటగాళ్ళని ఎంచుకోవడం ఏబ్ పని. జీతాలు, ఒప్పందాలు, ప్రయాణాలు, ప్రచారం, లెక్కలు అన్నీ ఎఫావి. 1939లో తమ మైదానంలో లించింగుకి వ్యతిరేకంగా ఒక ప్రత్యేక దినం కూడా జరిపించింది.

1946లో ఈగిల్స్ జట్టు కాన్సస్ సిటీ మోనార్క్స్‌ని నాలుగు ఆటలకి మూడుతో ఓడించి నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది. అప్పటికే తుఫాను మొదలయింది. 1945లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ మోనార్క్స్ నుంచి జాకీ రాబిన్సన్‌ని తీసుకున్నాడు. మోనార్క్స్‌కి ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. ఈగిల్స్ ఆటగాడు డాన్ న్యూకోంబ్‌నీ అలాగే పట్టుకుపోయాడు.

నల్లవాళ్ళకి తలుపులు తెరుచుకోవాలనే ఎఫా జీవితమంతా పోరాడింది. అందుకని ఆటగాళ్ళకి అడ్డుపడలేదు. ఆవిడ అడిగింది ఒకటే: తెల్లవాళ్ళ జట్టు నుంచి ఆటగాణ్ణి తీసుకుంటే డబ్బిస్తారు కదా, మా ఒప్పంద పత్రం మాత్రం చిత్తుకాగితమా? 1947లో క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వెక్ లారీ డోబీ కోసం వచ్చినప్పుడు మొత్తం 15,000 డాలర్లు రాబట్టింది. తెల్ల ఆటగాడికైతే ఎన్నో రెట్లు ఇచ్చేవారని ఆవిడకి తెలుసు. అయినా నల్లవారి జట్టుతో చేసుకున్న ఒప్పందానికీ విలువుందని ఒప్పించగలిగింది. డోబీ అమెరికన్ లీగ్‌లో ఆడిన మొదటి నల్ల ఆటగాడయ్యాడు.

ఆ విజయమే ఆవిడ జట్టుని ముంచింది. అభిమానులు రాబిన్సన్‌నీ డోబీనీ చూడ్డానికి వెళ్ళిపోయారు. 1946లో సుమారు 1,20,000 మంది వచ్చిన ఈగిల్స్ ఆటలకి 1948లో 35,000 మందే వచ్చారు. ఆ ఏడాదే జట్టుని అమ్మేశారు. అయినా ఆవిడ పట్టు వదల్లేదు. మాంటీ ఇర్విన్‌ని రికీ ఊరికే తీసుకోబోతే అడ్డుకుంది. చివరికి 1949లో న్యూయార్క్ జయంట్స్ 5,000 డాలర్లు చెల్లించి తీసుకుంది.

ఏబ్ 1952లో పోయాడు. ఎఫా తర్వాతి రోజుల్లో లాస్ ఏంజెలెస్‌లో ఉంటూ, నీగ్రో లీగ్ ఆటగాళ్ళకి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వమని ఉత్తరాలు రాస్తూనే ఉంది. 1976లో వాళ్ళ గురించి మరొకరితో కలిసి పుస్తకం రాసింది. 1981లో కన్నుమూసింది. హాల్ ఆఫ్ ఫేమ్ 2006లో ఆవిణ్ణి చేర్చుకుంది. 2020లో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నీగ్రో లీగుల్ని మేజర్ లీగులుగా గుర్తించింది.

తన వాళ్ళకి మేలు జరిగితే తన వ్యాపారం మునుగుతుందని తెలిసి కూడా ఆ మేలునే కోరుకున్న మనిషి ఎఫా. అలాగని న్యాయంగా రావలసినదాన్ని అడగడానికి మొహమాటపడలేదు. త్యాగం చేసేవాళ్ళు లెక్క అడగకూడదనుకునే మనకి, ఆ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఆవిడ జీవితం చెబుతుంది. ఈసారి చుట్టాల కోసం న్యూవార్క్ వెళ్ళినప్పుడు, దారిలో ఈ కథ పిల్లలకి చెప్పండి.