పున్నమి మాటకు ఫుట్‌నోట్

డిగ్రీలోనో పీజీలోనో ప్రాజెక్టు రాస్తున్న మన పిల్లలు తరచూ ఒకచోట ఆగిపోతారు. తాత చెప్పిన సంగతి రాస్తే, "దీనికి ఆధారం ఏది?" అని గైడు అడుగుతారు. పుస్తకం పేరు లేదు, పేజీ నంబరు లేదు. అందుకని ఆ పేరా కొట్టేస్తారు, లేదంటే "పెద్దలు చెబుతారు" అని ఒక ముక్క తగిలించి సరిపెడతారు. ఈ రెండోదే ఎక్కువ నష్టమని నా అభిప్రాయం. ఏ పెద్దలు, ఏ ఊరివారు, ఎవరి దగ్గర విన్నారు అన్నది అక్కడితోనే మాయమవుతుంది.

కొమురం భీమ్ వర్ధంతినే తీసుకుందాం. అచ్చయిన రాతల్లో ఆయన అమరుడైన తేదీ ఒకచోట 1940 సెప్టెంబర్ 1, మరోచోట అక్టోబర్ 27. జోడేఘాట్‌లో మనవాళ్లు మాత్రం ఏటా ఆశ్వయుజ పున్నమి నాడే ఆయనకు నివాళి అర్పిస్తారు. వాళ్లు గుర్తుపెట్టుకున్నది క్యాలెండర్ తేదీ కాదు, చంద్రుణ్ణి.

ఈ మాటను పరీక్షించే వీలుందా? ఉంది. 1940 అక్టోబర్ 1న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మనకు కనిపించలేదు గానీ దక్షిణ అమెరికాలో, దక్షిణాఫ్రికాలో కనిపించింది. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది కదా. అక్కడి నుంచి లెక్క కడితే ఆ ఏటి ఆశ్వయుజ పున్నమి అక్టోబర్ 16న పడుతుంది. సెప్టెంబర్ 1 అమావాస్యను ఆనుకొని ఉన్న రోజు. అక్టోబర్ 27 కూడా అంతే, మళ్లీ అమావాస్య దగ్గరపడిన రోజు. అయినా "అక్టోబర్ 27, ఆశ్వయుజ పున్నమి" అని రెండూ పక్కపక్కనే రాసిన వ్యాసాలున్నాయి. రాసినవారు పంచాంగం తిప్పి చూడలేదు!

దీంతో 16వ తేదీ రుజువైపోయిందని కాదు. భీమ్ ఆ రాత్రే నేలకొరిగారని పంచాంగం చెప్పదు. నోటిమాటను కూడా పరీక్షకు పెట్టవచ్చనీ, అచ్చయినంత మాత్రాన తేదీ నమ్మదగినది కాదనీ మాత్రం తేలుతుంది.

మన కథలు గాలిలో తిరిగేవి కావు. వాటికి మోసేవారున్నారు. గోండు గూడేల్లో సగల పుట్టుక, పేర్సాపెన్ కథలు కిక్రి వాయిస్తూ పాడేది పర్ధాన్లు. తండ్రి నుంచి కొడుక్కి, అదే గోండు కుటుంబాల ముందు ఆ పాట సాగుతూ వచ్చింది. పదం తప్పితే పట్టుకునే పెద్దలు ఎదురుగానే కూర్చుని ఉంటారు. హైమన్‌డార్ఫ్ 1948లో అచ్చువేసిన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకంలో ఈ పురాణాలకు పెద్ద చోటుంది. ఇవాళ విద్యార్థి హైమన్‌డార్ఫ్ పేరు, పేజీ నంబరు రాస్తే గైడు సరేనంటారు. అదే కథను పర్ధాన్ తాత నోట విని రాస్తే ఆధారం లేదంటారు. ఇదెక్కడి న్యాయం?

మరి ఎలా రాయాలి? చెప్పినవారి పేరు, ఇంటిపేరు, సగ, గూడెం, విన్న తేదీ, ఏ భాషలో చెప్పారు, వారు ఎవరి దగ్గర విన్నారు, కళ్లారా చూసిందా విన్నదా, ఇవన్నీ ఫుట్‌నోట్‌లో ఉండాలి. అదే కథ ఇంకో గూడెంలో వేరుగా చెబితే రెండూ రాయండి, మీకు నచ్చినదే ఉంచుకోకండి. ముందుగా అనుమతి అడగాలి. పేరు వద్దంటే వద్దు. బయటివారికి చెప్పకూడని పూజ విషయాలైతే రికార్డరు ఆపేయాలి. చాలా కాలేజీల్లో వాడే ఏపీఏ పద్ధతి వ్యక్తిగత సంభాషణలను చివరి పుస్తకాల జాబితాలో చేర్చనివ్వదు, వ్యాసం లోపలే చెప్పమంటుంది. కానీ దాని 7వ కూర్పులో ఆదివాసుల మౌఖిక సంప్రదాయాన్ని ఎలా పేర్కొనాలో విడిగా ఒక భాగమే ఉంది. గైడు కాదంటే ఆ భాగం చూపించండి.

ఇది మార్కులతో ఆగే సంగతి కాదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2008 నాటి దాని నియమాల్లో 13వ నియమం హక్కుకు రుజువుగా ఏమేం చూపవచ్చో చెబుతుంది. అందులో దరఖాస్తుదారు కాని పెద్దలు ఇచ్చిన వాంగ్మూలం కూడా ఉంది. అయితే అది రాతలో ఉండాలి. మీ గూడెంలో ఏ చేను ఎవరు ఎప్పుడు కొట్టుకున్నారో, పాత ఊరు ఎక్కడుండేదో తెలిసిన అవ్వలు, తాతలు ఎంతమంది మిగిలారో ఈ సెలవుల్లో లెక్క చూడండి. రాసుకున్నది వాళ్లకే గోండిలో చదివి వినిపించి, దిద్దించుకుని, ఒక కాపీ వాళ్లింట్లోనే ఉంచి రండి.